కాయకమునకు లెక్క గలదు



 

బసవేశ్వరుని మనము భక్తి భండారి యని కొనియాడుచున్నాము. భండారి యను మాట వట్టి స్తోత్రము గాదు. అది ఆయన నిర్వహించిన ఉద్యోగము. 12వ శతాబ్దమున కళ్యాణ నగరమున బిజ్జలుని కొలువులో ఆ మహనీయుడు ధనాగారమునకు అధికారిగా నుండెను. రాజ్యమునకు రావలసిన పైకము వచ్చుట, చేరుట, వ్యయమగుట ఆయన కన్నుల ముందు జరిగిన పనులు. కావున ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పన్ను విషయమున ధర్మమేదియని తెలిసికొనగోరువారు ఆయన జీవితమును చూచిన చాలును. అది లెక్కల పుస్తకము ముందు కూర్చుండి, చేతికి మసి యంటకుండ లేచిన మహాత్ముని జీవితము.

ఈ విషయమిప్పుడు ప్రస్తావించుటకు కారణము గలదు. గడచిన కొన్ని సంవత్సరములుగా కంట్రాక్టు పనులు చేయు అనేక కుటుంబములకు పాత సంవత్సరముల పన్ను నోటీసులు వచ్చుచున్నవి. ఏనాడో ముగిసిన పని; ఏనాడో పాసైన బిల్లు; ఆ సొమ్ముతో కూతురి పెండ్లియు జరిగిపోయినది. అట్టి యింటికి అయిదేండ్ల తరువాత పన్ను, వడ్డీ, జరిమానా కలిపి కట్టుమను కాగితము వచ్చును. ఇది అన్యాయమని కొందరు వాపోవుచున్నారు. న్యాయమేయని కొందరనుచున్నారు. శరణ ధర్మమును అనుసరించి ఈ రెండు మాటలను తూచవలసియున్నది.

ఆత్రేయపురము పరిసరములు చూడుడు. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున కాటన్ దొర కట్టించిన ఆనకట్ట వలనను, తరువాత దాని స్థానమున 1982లో ప్రారంభమైన బరాజు వలనను మధ్య డెల్టాకు నీరు వచ్చుచున్నది. లొల్ల లాకుల వద్ద ఆ నీరు శాఖలై కోనసీమలోనికి పారును. వేసవిలో కాలువలు కట్టివేసిన కొలది దినములలోనే పూడిక తీయవలెను, గట్లు బలపరచవలెను, లాకుల తలుపులు బాగుచేయవలెను. ఈ పనులు చేయువారు కంట్రాక్టర్లు. వారి వెనుక పలుగు పట్టినవాడు, తట్ట మోసిన తల్లి, లారీ తోలినవాడు ఉన్నారు. గట్టు నిలిచిననే చేను నిలుచును. కావున కంట్రాక్టు పని నీచమైన వృత్తి యని ఎవరును తలంపరాదు. సత్యముగా చేసినచో అది కాయకమే. బసవేశ్వరుని దృష్టిలో చెప్పులు కుట్టుటకును, బట్టలుతుకుటకును, మంత్రిత్వము నెరపుటకును గౌరవమొక్కటే.

అయితే కాయకమనిపించుకొనుటకు శ్రమయొక్కటియే చాలదు. పంచాచారములలో సదాచారమని యొకటి గలదు. ధర్మమార్గమున ఆర్జించి, ఆర్జించినదానితో గురు లింగ జంగములను సేవించుట దాని అర్థము. పగలెల్ల ఎండలో నిలిచి గట్టు వేయించి, రాత్రి దీపము క్రింద దొంగ బిల్లు వ్రాసినవాని శ్రమ సగము కాయకము, సగము చౌర్యము.

ఆ దొంగ బిల్లు ఎట్టిదో దృష్టాంతముగా చెప్పుకొందము. ఒక కంట్రాక్టరు ఉన్నాడనుకొనుడు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినది. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొను సౌకర్యమును ఆ చట్టము కల్పించినది. ఇది న్యాయమైన సౌకర్యము. ఒకే సరుకుపై రెండు మారులు పన్ను పడకుండుటకు ఉద్దేశింపబడినది. 2018-19లో ఒక దళారి ఆ కంట్రాక్టరు వద్దకు వచ్చి, "సరుకు అక్కరలేదండీ, బిల్లు నేనిస్తాను, నాకు కమీషను ఇస్తే చాలు" అనెను. పది లక్షల రూపాయల ఇనుము కొన్నట్లు బిల్లు వచ్చెను. ఒక్క చువ్వయు దిగలేదు. 18 శాతము చొప్పున 1,80,000 రూపాయల పన్ను కట్టినట్లు చూపి, ఆ మేరకు తాను కట్టవలసినది ఎగవేసెను.

అయిదేండ్లు గడచెను. దళారి దుకాణము మూతపడెను. అట్టి దుకాణమసలే లేదని శాఖవారు కనుగొనిరి. అప్పుడు కంట్రాక్టరునకు నోటీసు వచ్చెను. అసలు 1,80,000. ఏటికి 18 శాతము చొప్పున అయిదేండ్ల వడ్డీ 1,62,000. మోసమునకు జరిమానా అసలుతో సమానముగా 1,80,000. మొత్తము 5,22,000 రూపాయలు. దళారికిచ్చిన కమీషను వేరు. ఆనాడు మిగిలినదనుకొన్న ధనము ఈనాడు మూడింతలై తిరిగి అడుగుచున్నది.

ఇట్టివాడు చెప్పుకొను సమాధానములు కొన్ని గలవు. అందరును చేయుచున్నారనుట మొదటిది. అందరును మునిగినంత మాత్రమున గోదావరి లోతు తగ్గదు. ఆడిటరు చెప్పెననుట రెండవది. సంతకము ఎవరిదో బాకీయు వారిదే. ప్రభుత్వము తనకు బిల్లులు నెలల తరబడి ఇయ్యలేదనుట మూడవది. ఇందు కొంత సత్యము గలదు. పని చేయించుకొని పైకము ఆపుట పాలకులకు తగని పని. అప్పు తెచ్చి కూలీలకిచ్చిన కంట్రాక్టరు బాధ నిజమైన బాధ. కాని తనకు రావలసినదానికై పోరాడుట ఒక ధర్మము, తాను ఇయ్యవలసినదానిని దాచుట వేరొక అధర్మము. ఒకదానితో రెండవదానిని చెల్లు వ్రాయరాదు. ఇది పాత సంగతి యనుట నాల్గవది. ఈ మాటనే మిక్కిలి శ్రద్ధగా విచారింపవలెను.

డెల్టా రైతులకు తెలిసిన పోలికతో దీనిని చూడవచ్చును. కాలువ ఎగువన నున్న రైతు గట్టు క్రింద రహస్యముగా ఒక తూము పెట్టెను. అయిదేండ్లు అదనపు నీరు పారించుకొనెను. శివారు భూములవాడు ప్రతి ఏటను నారు ఎండి ఏడ్చెను. ఆరవ ఏట తూము బయటపడెను. "అది పాత నీరు, ఎప్పుడో పారిపోయినది" అని ఎగువవాడనిన శివారువాడు ఒప్పుకొనునా? నీరు పాతదే, ఎండిన చేను బాకీ మాత్రము ఇంకను తీరలేదు. పన్నును కాలువ నీటివంటిది. ఎగువవాడు దాచుకొన్న పైకము శివారు పల్లెలోని బడికి, ఆసుపత్రికి చేరదు. కాలము గడచినంతనే దొంగతనము దానముగా మారదు.

ఇక రెండవ పక్షము వినుడు. ఆ తూము పెట్టుకొననాడు అది చట్టసమ్మతమై యుండి, అధికారులే అంగీకరించి, పది సంవత్సరముల తరువాత క్రొత్త నియమము చేసి, గడచిన పది సంవత్సరములకును రుసుము కట్టుమనినచో, అప్పుడు రైతు గోడు వినదగినది. విత్తిన నాడు లేని నియమమును కోతనాడు చూపుట పాలకునకు శోభ గాదు. మన దేశమున ఇట్టిది జరిగినది. వొడాఫోను కంపెనీ వ్యవహారమున 2012 జనవరిలో సుప్రీంకోర్టు పన్ను లేదని తీర్పు చెప్పగా, ఆ ఏటనే ప్రభుత్వము 1962 నాటినుండి వర్తించునట్లు చట్టమును సవరించెను. దేశవిదేశముల విమర్శ వచ్చిన పిదప 2021లో ఆ పాత బాకీల నియమమును ప్రభుత్వమే ఉపసంహరించుకొనెను. 2024 అక్టోబరులో జి.ఎస్.టి. చట్టములోని ఒక పదబంధమును ఆధారము చేసికొని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, 2025లో అచ్చట "లేక" యను మాటను "మరియు" అని మార్చి, ఆ మార్పు 2017 జూలై నుండియే వర్తించునని శాసించిరి. ఒక్క మాట మార్పు ఎనిమిదేండ్లు వెనుకకు నడచినది. ప్రజల విశ్వాసమును కోరు పాలకుడు ఇట్టి అడుగు వేయుటకు ముందు పలుమారు ఆలోచింపవలెను.

సముద్రముల కావల బ్రిటను దేశమున జరిగినదియు తెలిసికొనదగినది. మన ప్రాంతపు బిడ్డలనేకులు అచ్చట కంప్యూటరు పనులును, ఆసుపత్రి పనులును చేయుచున్నారు గనుక ఇది వారికిని హెచ్చరిక. ఆ దేశమున కాంట్రాక్టు పద్ధతిని పనిచేయు వేలాది జనులకు కొందరు సలహాదారులు ఒక ఉపాయము అమ్మిరి. జీతమును జీతముగా కాక, ఒక ట్రస్టు ద్వారా "అప్పు"గా ఇత్తురు. ఆ అప్పును తిరిగి తీర్పనక్కరలేదు. అప్పునకు ఆదాయపు పన్ను లేదు. వినుటకు ఎంత తీయగా నున్నది! 2017లో ఆ దేశ పార్లమెంటు చట్టము చేసి, 1999 ఏప్రిలు నాటినుండి తీసికొని 2019 ఏప్రిలు 5 నాటికి తీరకయున్న అట్టి అప్పులన్నిటిని ఒకే సంవత్సరపు ఆదాయముగా లెక్కించి పన్ను కట్టుమనెను. సంసారములు తలక్రిందులైనవి. కొందరు ప్రాణములు తీసికొనిరి. 2019 చివర జరిగిన పరిశీలన పిదప 2010 డిసెంబరు 9కి ముందరి అప్పులను ఆ చట్టమునుండి తొలగించిరి. 2025లో మరల పరిశీలన జరిపించిరి. ఉపాయము అమ్మినవారు రుసుము తీసికొని తొలగిపోయిరి. బాకీ మాత్రము పనివాని గుమ్మమున కూర్చున్నది.

ఇందు తప్పెవరిది? ఇరువురిదియును. తిరిగి తీర్పనక్కరలేని అప్పు అప్పు కాదని పసివానికిని తెలియును. కావున పుచ్చుకొన్నవాడు పూర్తిగా నిరపరాధి కాడు. ఏండ్ల తరబడి చూచుచు నూరకుండి, ఒక్కనాడు ఇరువది ఏండ్ల లెక్క విప్పిన ప్రభుత్వమును పూర్తిగా ధర్మవర్తన గలది కాదు. న్యాయము గోరువాడు తన తప్పును తక్కువ చేసి చూపక, ఎదుటివాని తప్పును ఎక్కువ చేసి చూపక మాటాడవలెను.

మన న్యాయస్థానములును ఈ సరిహద్దును విచారించినవి. 1985లో ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్నునకు సంబంధించిన మెక్‌డోవెల్ కేసున సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వేషము మార్చిన ఉపాయములు పన్ను ప్రణాళికలో భాగము కాజాలవని తేల్చినది. తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డిగారు ప్రత్యేకముగా వ్రాసిన తీర్పులో, తెలివిగలవాడు దింపుకొన్న బరువు అమాయకుల భుజముల మీదికి పోవునని హెచ్చరించిరి. 2003లో మరియొక తీర్పున, చట్టము ఇచ్చిన సౌకర్యమును ఉన్నదున్నట్లు వాడుకొనుట తప్పు గాదని అదే కోర్టు వివరించినది. రెంటిని కలిపి చదివిన గృహస్థునకు దారి తెలియును. తలుపు తీసియున్నచో లోనికి పోవచ్చును. గోడకు కన్నము వేసి, దానికి తలుపని పేరు పెట్టరాదు.

బసవేశ్వరుడు ఉపదేశించిన సప్తశీలములలో మొట్టమొదటి నిషేధము దొంగతనమునకే. అసత్యమును కూడ నిషేధించెను. ఆ నియమములను పాటించుటయే అంతరంగ శుద్ధియు, బహిరంగ శుద్ధియు నని బోధించెను. దొంగ బిల్లులో చౌర్యమును అసత్యమును ఒకే కాగితముపై నున్నవి. నొసట విభూతి ధరించి, ఎదపై ఇష్టలింగము మోసి, చేతితో ఆ కాగితముపై సంతకము చేసినవాని బహిరంగ శుద్ధి నీటితో పోయినది. అంతరంగ శుద్ధి నిప్పుతో పోయినది.

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున ద్విపదగా రచించిన బసవపురాణమున ఒక కథ గలదు. బసవన్న రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలునకు చెప్పిరి. రాజు లెక్క చూపుమనెను. బసవన్న కోపింపలేదు. తనవంటి భక్తుని శంకింతురాయని వాదింపలేదు. భండారము తెరిపించెను. లెక్కింపగా ధనము తక్కువ కాలేదు. ఈ కథలో భక్తులు మహిమను చూతురు, చూడవలసినదే. దానితోపాటు మరియొక సంగతియు చూడవలెను. లెక్క అడిగిన దినమున తాళపుచెవి తానే ఇచ్చినవాడు బసవన్న. నోటీసు చూచి వణకువానికిని, తాళపుచెవి అందించువానికిని మధ్యనున్న దూరమే సదాచారము.

ఆయ్దక్కి లక్కమ్మ చరిత్ర ఇంకను సూటిగా తాకును. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరితెచ్చి, దానితో జంగమ దాసోహము జరుపుచుండెను. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఎక్కువ ఎందులకని నిలదీసి, మిగులును తెచ్చిన చోటనే పోసిరమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. అక్కరకు మించినది మాత్రమే. దానికే ఆ ఇల్లాలు ఒప్పుకొనలేదు. నేటి గృహిణులు దీనిని తలపోయవలెను. భర్త తెచ్చిన పైకము లెక్కకు మించి వచ్చినప్పుడు, ఎక్కడిదని అడుగు ధర్మము ఇల్లాలిది. ఆత్రేయపురములోని స్త్రీలను చూడుడు. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టుకొని, పలుచని పిండిలో గుడ్డ తడిపి, ఒక్కొక్క రేకు తీయుదురు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. రేకు ఎంత పలుచనిదనగా, వెనుకనున్న చేయి కనబడును. గృహస్థుని లెక్కయు అంత పారదర్శకముగా నుండవలెను.

ఇక మఠములకును, మఠముల నాశ్రయించిన పెద్దలకును ఒక మాట చెప్పక తప్పదు. ఎగవేసిన పన్నులో కొంత తెచ్చి దాసోహమునకు ఇచ్చినచో పాపము పోవునని తలంచువారున్నారు. దాసోహమనగా తన కాయక ఫలమును వినయముతో సమర్పించుట. పరుల సొమ్ము సమర్పించుట దాసోహము గాదు. పాలు కాని పాలతో అభిషేకము చేసిన ఫలమేమి? అంతకంటె ఘోరమైనది మరొకటి గలదు. లక్ష రూపాయలకు రసీదు ఇచ్చి, చాటున తొంబది వేలు తిరిగి ఇచ్చు సంస్థలు లోకమున నున్నవి. ఆదాయపు పన్ను రాయితీకై సాగు వ్యాపారమది. 2017 నాటి ఫైనాన్సు చట్టముతో రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళమునకు ఆ రాయితీ తొలగింపబడినది. 2021-22 నుండి దాతల వివరములను సంస్థలే శాఖకు సమర్పింపవలసిన నియమము వచ్చినది. చట్టమునకు భయపడి కాక, గురుపీఠమునకు భయపడి మఠముల రసీదు పుస్తకములు శుద్ధముగా నుండవలెను. రసీదుపై శివనామము అచ్చువేసి, దాని క్రింద అసత్యపు అంకె వ్రాయరాదు.

నోటీసు వచ్చియున్న కుటుంబములు ఇప్పుడేమి చేయవలెను? మొదట తన తప్పు ఎట్టిదో తానే నిజముగా విచారించుకొనవలెను. నిజముగా సరుకు కొని, పన్నుతో సహా పైకమిచ్చి, అమ్మినవాడు ఆ పన్నును ప్రభుత్వమునకు కట్టకపోయినందున చిక్కినవారు కలరు. వారు దొంగలు కారు. లారీ కాగితములు, బ్యాంకు చెల్లింపులు, ఎం-బుక్కు నకళ్ళు చూపి ధైర్యముగా వాదింపవలెను. ఆజ్ఞ వచ్చిన మూడు నెలలలోపల, వివాదపు పన్నులో పదవ వంతు కట్టి అప్పీలు చేసికొను హక్కు చట్టమున గలదు. పొరపాటునకును మోసమునకును చట్టమే భేదము చూపినది. 2017-18 మొదలు 2019-20 వరకు మోసము లేని కేసులలో, 2025 మార్చి 31 లోపల అసలు పన్ను కట్టినవారికి వడ్డీయు జరిమానాయు మాఫీ చేసిరి. మోసపు కేసులకు ఆ దయ చూపలేదు.

నిజముగా తప్పు చేసినవాడు దాచక ఒప్పుకొనవలెను. ఇందును చట్టము ఒక మెట్ల వరుస కట్టినది. 2023-24 వరకు గల సంవత్సరములకు, మోసము విషయమున నోటీసు రాకముందే తానై వచ్చి అసలును వడ్డీని కట్టినవానికి జరిమానా 15 శాతము. నోటీసు వచ్చిన ముప్పది దినములలో కట్టిన 25 శాతము. ఆజ్ఞ వచ్చిన ముప్పది దినములలో కట్టిన 50 శాతము. ఆపైన నూటికి నూరు. పైన చెప్పిన కంట్రాక్టరు ముందే వచ్చియుండినచో జరిమానా 1,80,000 గాక 27,000 మాత్రమే అయియుండును. ఆలస్యమునకు వెల ఎంతయో చూచితిరా! శివుని ముందు పశ్చాత్తాపమునకును ఇదే క్రమము. పట్టుబడకముందు ఒప్పుకొన్నవాని కన్నీటికి బరువెక్కువ.

ఒక్కసారిగా కట్టలేనివారు వాయిదాలు కోరవచ్చును. తాము రిటర్నులో చూపుకొన్న పన్నునకు తప్ప, తక్కిన బాకీలకు ఇరువది నాలుగు నెలసరి వాయిదాల వరకు అనుమతింపవచ్చునని జి.ఎస్.టి. చట్టమున గలదు. పొలము కొంత పోవచ్చును, మేడ అమ్ముడుపోవచ్చును. పోనిండు. అంతకు మించి ఎవరును ఒక్క అడుగు వేయరాదు. బ్రిటనులో కొన్ని ఇండ్లలో జరిగినది మన ఇండ్లలో జరుగరాదు. ఈ దేహము లింగమునకు ఆలయము. ప్రభుత్వపు బాకీ దేహముతో తీరునది కాదు, ధనముతో తీరునది. బాకీపడినవానిని చూచి నవ్వక, అతని ఇంటికి పోయి ప్రక్కన కూర్చుండుట శరణ సంఘము బాధ్యత. ఆ ఇంటి పిల్లల చదువు ఆగకుండ చూచుట కూడ దాసోహమే. మఠము పెద్దలు ఈ పనికి పూనుకొనినచో బసవన్న భండారము మరల తెరచినట్లే యగును.

ద్రాక్షారామమున జన్మించిన మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింప బయలుదేరి, ఆయన లింగైక్యమైన వార్తను దారిలో విని దుఃఖించెనని చరిత్ర చెప్పుచున్నది. గోదావరీ తీరవాసులకు బసవన్నను కన్నులార చూచు భాగ్యము ఆనాడే తప్పినది. ఆయన ఉంచిపోయిన లెక్కల పుస్తకము మాత్రము మనకున్నది. అందు ప్రతి పుటయు విప్పి చూపదగినది. మన యిండ్లలోని పుస్తకములును అట్లే యుండుగాక! లెక్క అడుగు దినమున మన చేయి వణకకుండ తాళపుచెవి అందించు శక్తిని పరమశివుడు అనుగ్రహించుగాక!